టీచర్లకు టెక్నాలజీ నేర్పించడం: నెల్లూరు మెట్ట మండలాల్లో నా అనుభవం

నేను నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కొంతకాలంగా చుట్టుపక్కల మండలాల టీచర్లకు ప్యానెళ్లు (గోడకు బిగించే పెద్ద టచ్ స్క్రీన్లు), ట్యాబ్‌లు, స్మార్ట్ టీవీలు క్లాసులో వాడటం నేర్పే రిసోర్స్ పర్సన్‌గా కూడా పనిచేస్తున్నాను. మొన్న ప్రకాశం జిల్లా నుంచి ఒక తోటి టీచర్ ఫోన్ చేసి, "అక్కా, నన్ను కూడా ఆర్పీగా వేశారు, ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంది. ఆమెకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఉపయోగపడాలని నా కోరిక.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా టీచర్లకు బటన్లు నొక్కడం రాక ఆగిపోలేదు. యాభై ఏళ్లు దాటిన వాళ్లు కూడా ఫోన్లో కరెంటు బిల్లు కట్టుకుంటున్నారు, అమెరికాలో ఉన్న మనవడితో వీడియో కాల్ మాట్లాడుతున్నారు. అలాంటి మనుషులు క్లాసులో ప్యానెల్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనక్కి తగ్గుతున్నారో అర్థం చేసుకోకుండా శిక్షణ మొదలుపెడితే, సాయంత్రానికి సంతకాలు పెట్టి ఇంటికి పోతారు, మర్నాడు బోర్డు మీద సుద్దముక్కతో అదే పాఠం మొదలవుతుంది.

సామానుకు మాత్రం కొదవ లేదు. మాకు ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. విద్య కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబర్ 20న ఎగిరింది శ్రీహరికోట నుంచే, అప్పటికి అది మా జిల్లాలోనే ఉంది, 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాలో కలిసింది. 2017లో పాఠాలు, వీడియోలు దొరికే ప్రభుత్వ వేదిక దీక్ష వచ్చింది, ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 నవంబర్ 14న ఒంగోలులో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు మొదలైంది. కరోనా ఏడాదిలో సప్తగిరి ఛానల్లో పాఠాలు, వాట్సాప్‌లో హోంవర్కులు. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు చెప్పే టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. 2023లో హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రైమరీ స్కూళ్లకు స్మార్ట్ టీవీలు దిగాయి. అంటే 2019 తర్వాత నాలుగైదేళ్లలోనే మా గోడల మీదికి, చేతుల్లోకి ఇన్ని వచ్చాయి. వీటిని పాఠంలో ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

నన్ను ఆర్పీగా తీసుకున్నాక ముందు మాకు జిల్లా స్థాయిలో శిక్షణ ఇచ్చారు. రాష్ట్రంలో కొందరికి నేర్పితే వాళ్లు జిల్లాలో నేర్పుతారు, జిల్లాలో నేర్చుకున్నవాళ్లు మండలంలో నేర్పుతారు, ఇదీ పద్ధతి. పెద్ద హాలు, ముందు ఒక ప్యానెల్, దాని చుట్టూ మేము. మెనూ ఎలా తెరవాలి, రంగులు ఎలా మార్చాలి, స్క్రీన్‌ను రెండు భాగాలు ఎలా చేయాలి, రాసింది పీడీఎఫ్‌గా ఎలా దాచాలి అని చెప్పారు. చెప్పినవాళ్లు శ్రద్ధగానే చెప్పారు. కానీ అంతమందిలో ప్యానెల్ ముట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. పైగా తెలుగు, హిందీ, లెక్కలు, సోషల్, సైన్స్ అందరం ఒకే బ్యాచ్. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నోట్సు తిరగేస్తే అందులో బటన్లు ఉన్నాయి, ఒక్క పాఠం పేరు కూడా లేదు. ఇదే నోట్సు నేను మండలంలో చెప్తే అక్కడ ఇంకో సగం జారిపోతుంది.

అందుకే మా మండలంలో మొదటి బ్యాచ్ రోజున ప్యానెల్ ఆన్ చేయలేదు. ఎమ్మార్సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, కుర్చీలు గుండ్రంగా వేయించి, టెక్నాలజీ అనగానే మీకు ఏం గుర్తొస్తుందో చెప్పమన్నాను. ఒక మేడం వెంటనే "బాత్రూం ఫొటోలు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నిజమే కదా. పొద్దున హాజరు యాప్‌లో వేయాలి, భోజనం లెక్క వేయాలి, గుడ్లు ఎన్ని వచ్చాయో, చిక్కీలు ఎన్ని పంచారో వేయాలి, అప్పట్లో మరుగుదొడ్ల ఫొటోలు కూడా అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది. సిగ్నల్ లేక అది గుండ్రంగా తిరుగుతుంటే గేటు దగ్గరికి పోయి ఫోన్ పైకెత్తి నిలబడాలి. ఈలోగా మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. టీచరు జీవితంలోకి టెక్నాలజీ మొదట లెక్కలు అడిగే మనిషిలా వచ్చింది, చదువు చెప్పడానికి సాయంగా రాలేదు. ఆ కోపం ప్యానెల్ మీద కూడా పడింది. నాకు అది సమంజసమైన కోపంగానే అనిపిస్తుంది. అందుకే ఆ గదిలో ఒక మాట ఇచ్చాను: ఇక్కడ ఉన్నంతసేపు ఏ రిపోర్టు యాప్ గురించీ మాట్లాడం, పిల్లలకు పాఠం బాగా అర్థం కావడానికి ఏది పనికొస్తుందో అదే చూస్తాం. ఆ మాటతో చాలామంది కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

రెండో భయం బయటపడటానికి ఇంకొంచెం సేపు పట్టింది. టీ విరామంలో ఒక సీనియర్ మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, నాకు రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉంది. ఆ టీవీకేమన్నా అయితే నా పెన్షన్ కాగితాలు ఆపుతారేమో, అందుకే నేను దాని జోలికి పోను" అన్నారు. తర్వాత వేరేవాళ్లను అడిగితే అదే మాట ఇంకోలా చెప్పారు. ప్యానెల్ స్టాక్ రిజిస్టర్లో ఎక్కుతుంది, తాళం హెచ్‌ఎం దగ్గర ఉంటుంది, పిల్లలెవరైనా గీత పెడితే ఎవరు బాధ్యులు? ఇన్ని లక్షల సామాను పోతే ఎవరు కట్టాలి? దానికంటే కవర్ తీయకపోవడమే క్షేమం. కొన్ని స్కూళ్లలో నిజంగానే కవర్ తీయలేదు.

ఈ భయం పోగొట్టాలంటే హెచ్‌ఎంలతో మాట్లాడాల్సిందే. అందుకని తర్వాతి బ్యాచ్‌లకు ఎంఈవో గారిని అడిగి హెచ్‌ఎంలను కూడా ఒక పూట కూర్చోబెట్టాం. పాఠం చెప్తూ వాడినప్పుడు చెడిపోతే టీచర్ మీద వేయబోమని వాళ్ల నోటితో అందరి ముందు చెప్పించాం. ఫిర్యాదు చేయాల్సిన నంబరు, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి ప్యానెల్ పక్కనే గోడకు అంటించమన్నాం. తాళం చెవి స్టాఫ్ రూంలో మేకుకు తగిలించమన్నాం. హెచ్‌ఎం మీటింగుకు పోయిన రోజు చెవి కూడా ఆయన జేబులోనే పోతే ఆ రోజు ప్యానెల్ ఉన్నా లేనట్టే. శిక్షణ పుస్తకంలో ఈ సంగతులు ఎక్కడా ఉండవు, కానీ మా మండలంలో వాడకం పెరగడానికి మెనూ పాఠాలకంటే ఇవే ఎక్కువ పనిచేశాయి.

ఇక అసలు పద్ధతి. అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, "మీ సబ్జెక్టులో ఎన్నేళ్లు చెప్పినా పిల్లలకు ఎక్కట్లేదని మీకు అనిపించే ఒక్క పాఠం పేరు రాయండి" అన్నాను. పేర్లు రాయొద్దన్నాను. ఈ చీటీలే నా శిక్షణకు సిలబస్. లెక్కల వాళ్లు భిన్నాలు, త్రిభుజాల ధర్మాలు రాశారు. సైన్స్ వాళ్లు కాంతి వక్రీభవనం, విద్యుత్ వలయాలు, గుండెలో ద్వివలయ ప్రసరణ రాశారు. సోషల్ నుంచి కాంటూరు రేఖలు వచ్చాయి. ఇంగ్లీషు వాళ్లు ఉచ్చారణ అని రాశారు, పెద్ద నిజాయితీతో. తెలుగు మేడం ఒకరు "పద్యం రాగయుక్తంగా చదివించడం" అని రాశారు. తర్వాత సబ్జెక్టుల వారీగా గుంపులు చేసి, ప్రతి గుంపు తన చీటీలోని పాఠంతోనే పనిచేసింది.

లెక్కల గుంపుకు జియోజీబ్రా అనే యాప్ చూపించాను, బొమ్మలు గీసి కదిలించి చూసుకునేది. ఫోన్లో ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. త్రిభుజం గీసి మూడు కోణాలు కొలిపించి, ఒక మూల పట్టుకుని లాగితే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడుతుంది. ఇది లెక్కల వాళ్లకు తెలియని విషయమా? వాళ్లకు నచ్చింది ఏంటంటే, ఇప్పటిదాకా బోర్డు మీద ఒక్క త్రిభుజమే గీసి అన్ని త్రిభుజాలకూ ఇంతే అని పిల్లల్ని నమ్మమనేవాళ్లు, ఇప్పుడు పిల్లవాడే వచ్చి ఎంత వంకరగా లాగినా లాగి చూసుకోవచ్చు. ఒక సార్ అప్పటికప్పుడు, "దీన్ని నేను లాగకూడదు, వెనక బెంచీవాడిని పిలిచి లాగించాలి" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు పెద్ద సంతోషం.

సైన్స్‌కు నేను ఎప్పుడూ వాడేది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002 నుంచి చేస్తున్నారు, ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, దించుకుని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు. సర్క్యూట్ల దాంట్లో తీగలు, బ్యాటరీలు, బల్బులు లాగి కలిపితే ఎలక్ట్రాన్లు చిన్న నీలం గుండ్లలా కదులుతూ కనిపిస్తాయి. నేరుగా బ్యాటరీ రెండు కొనలూ కలిపేస్తే మంట వస్తుంది. షార్ట్ సర్క్యూట్‌ను క్లాసులో నిజంగా చూపించలేం, ఇక్కడ భయం లేకుండా చూపించవచ్చు. అయితే నేను ఒకటి పట్టుబట్టి చెప్తాను. నిజం బల్బు, నిజం బ్యాటరీ దొరికినప్పుడు ముందు అవే. పిల్లవాడి చేతిలో బల్బు వెలగాలి, ఆ తర్వాత తీగలోపల ఏం జరుగుతోందో ప్యానెల్ మీద చూడాలి. వక్రీభవనం కూడా అంతే, గ్లాసులో నీళ్లు పోసి పెన్సిల్ పెట్టి, అది విరిగినట్టు ఎందుకు కనపడిందో వాళ్లను కాసేపు వాదించుకోనిచ్చి, అప్పుడు సిమ్యులేషన్ తెరవాలి. కంటితో చూడలేనిదానికి, చేత్తో చేయలేనిదానికి తెర కావాలి. మా బయాలజీ మేడం ఈ విషయంలో నాకంటే ఒక అడుగు ముందున్నారు. గుండె గదులు చూపించడానికి ఆమె ఏటా కసాయి దగ్గర మేక గుండె తెప్పించి కోసి చూపిస్తారు. "మరి నాకు ప్యానెల్ ఎందుకమ్మా?" అన్నారు. కోసిన గుండెలో గదులు, కవాటాలు కనపడతాయి, రక్తం ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో కనపడదు కదా మేడం అన్నాను. ఇద్దరం కూర్చుని చిన్న యానిమేషన్ ఒకటి వెతికి, దాని ధ్వని ఆపేసి, ఆమె గొంతుతోనే తెలుగులో, ఇంగ్లీషులో చెప్పేలా సిద్ధం చేసుకున్నాం. గుండె, యానిమేషన్ రెండూ ఒకే పీరియడ్లో. ఆ పాఠం నేను వెళ్లి చూశాను. వీడియోలో గొంతు తెచ్చిపెట్టుకున్న ఇంగ్లీషులో గబగబా పోతుంటే పిల్లలకు ఎక్కదు, తమ మేడం గొంతు అయ్యేసరికి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగింది, ఎవరు ప్రశ్న అడిగినా నిలిచింది.

కానీ అన్నిటికంటే నేను ఎక్కువ గుర్తుపెట్టుకున్నది సోషల్ గుంపు. పెన్షన్ సంగతి చెప్పిన మాస్టారు కూడా అందులోనే ఉన్నారు. కాంటూరు రేఖలు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీతలు, ఈ నిర్వచనం పిల్లలు అప్పజెప్తారు, పటం ఇచ్చి కొండ ఎక్కడుందో చూపించమంటే చూపించలేరు. నా ల్యాప్‌టాప్‌కు ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, ప్యానెల్ మీద గూగుల్ ఎర్త్ తెరిచి, ఉదయగిరి దుర్గం పెట్టాను. మీద నుంచి చూస్తే ఆకుపచ్చ మచ్చలా ఉంటుంది. వేలితో వంచితే కొండ లేచి నిలబడుతుంది. మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆయన పుట్టింది ఆ కొండ కిందే. "ఆగండమ్మా, ఇటు తిప్పండి, ఈ పక్క నుంచే కదా మెట్ల దారి" అంటూ ఆయనే వేలు పెట్టి తిప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ప్యానెల్ ముట్టనన్న మనిషి. ఎక్కడ గీతలు దగ్గరదగ్గరగా వస్తాయో, ఎక్కడ దూరంగా వస్తాయో ఆయనే ఆ కొండ మీద గీసి చూపించారు. నిటారుగా ఉన్నవైపు ఎక్కితే ఆయాసం వస్తుంది, అక్కడ గీతలు ఒత్తుగా ఉంటాయి అని చెప్పారు. ఆ కొండెక్కిన పిల్లలకు ఇంకెవరూ అంతకంటే బాగా చెప్పలేరు.

తర్వాత సోమశిల జలాశయం నుంచి పెన్న వెంబడి కిందికి పోయాం, ఆత్మకూరు, సంగం, నెల్లూరు, చివరకు సముద్రం. సోమశిల నుంచి కండలేరుకు, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో మద్రాసు వైపు పూండి జలాశయానికి నీళ్లు ఎలా పోతాయో అనుసరించాం. టైమ్‌ల్యాప్స్ అని ఒకటి ఉంది, 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలు ఏడాది ఏడాదీ మారుతూ కనపడతాయి. కృష్ణపట్నం దగ్గర ఆపితే, ఖాళీగా ఉన్న తీరంలో ఓడరేవు పెరగడం కళ్లముందు జరుగుతుంది. కోస్తా మండలాల్లో రొయ్యల గుంటలు పరుచుకోవడం తెలుస్తుంది. భూవినియోగం అనే పాఠానికి ఇంతకంటే ఏం కావాలి? మెట్ట పిల్లల్లో సముద్రం చూడనివాళ్లు ఉన్నారు. ఇస్రో వాళ్ల భువన్ కూడా చూపించాను, 2009 నుంచి ఉంది, మన దేశపు పటాలకు అదీ బాగుంటుంది. నెట్ ఖర్చు అడిగారు. దీనికి డేటా బాగానే అవుతుంది, అందుకని ముందురోజు రాత్రి ఇంట్లోనే తెరిచి, కావాల్సిన చోట్ల స్క్రీన్‌షాట్లు, చిన్న స్క్రీన్ రికార్డింగు తీసుకుని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోమన్నాను. సిగ్నల్ లేని సీతారామపురం వైపు స్కూళ్లకు అదే దారి.

మా శిక్షణ మీద టీచర్లకు నమ్మకం కుదిరింది ఇంకోదాని వల్ల, అది పాఠానికి సంబంధించింది కూడా కాదు. తెలుగు టైపింగ్. ప్రశ్నపత్రం కావాలంటే చేత్తో రాసి టౌన్లో డీటీపీ షాపుకు పోవాలి, వాళ్లు అను ఫాంట్లలో కొట్టిస్తారు, ఆ ఫైలు ఫోన్లో తెరిస్తే అక్షరాలు గందరగోళంగా కనపడతాయి, ఒక్క తప్పు దిద్దాలన్నా మళ్లీ అక్కడికే పోవాలి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుందని, ఫోన్లోని గూగుల్ కీబోర్డు జీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుందని చూపించాను. ఒత్తులు అక్కడక్కడ తప్పు పడతాయి, దిద్దుకోవాలి. తెలుగు మేడం ఒకరు తన ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్ష) పేపరంతా అక్కడే కూర్చుని చదివేశారు, అది అక్షరాల్లో పడుతుంటే పక్కవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం ఎవరూ తొందరగా పోతామని అడగలేదు. టీచరు పని ఒక గంట తగ్గించేది ఏదైనా ముందు చూపిస్తే, ఆ గంటలో కొత్తది నేర్చుకోవడానికి మనసు వస్తుంది. ఇది నేను ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో మొదటి పూటే పెడుతున్నాను.

ఈమధ్య ప్రశ్నలు తయారుచేయడానికి చాట్‌జీపీటీ, జెమినీ వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొచ్చు, కానీ మన పాఠ్యపుస్తకంలో లేనిది తెచ్చి పెడుతుంది, తెలుగు సైన్సు పదాలను తనకు తోచినట్టు మారుస్తుంది, జవాబు తప్పున్నా ధీమాగా చెప్తుంది. పుస్తకంలోని పేజీ ముందు పెట్టుకుని ఒక్కో ప్రశ్నా సరిచూడకుండా పిల్లలకు ఇవ్వొద్దని గట్టిగా చెప్తున్నాను.

ప్రైమరీ టీచర్లది వేరే లోకం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్క మనిషి ఐదు తరగతులు చూడాలి. ఆయనకు నేను జియోజీబ్రా చెప్పి ఏం లాభం? వాళ్లకు కావాల్సింది, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తున్నంతసేపు నాలుగో తరగతి పిల్లలు ఊరికే కూర్చోకుండా ఉండటం. గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్‌లో తెలుగు ఉంది, పిల్లలు గట్టిగా చదువుతుంటే వింటుంది, తప్పు చదివితే ఆ పదం మళ్లీ చదివిస్తుంది, కథలు దించి పెట్టుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. ఒక ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) మేడం తన పాత ఫోన్ ఒకటి దీనికే కేటాయించి, మూలన చాప వేసి ఇద్దరేసి పిల్లల్ని వంతులవారీగా కూర్చోబెట్టారు. స్మార్ట్ టీవీ మాత్రం బొమ్మల సినిమా పెట్టే పెట్టెగా మారకూడదని చెప్పాను. రెండు నిమిషాలు చూపించి ఆపాలి, "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి, చెప్పనివ్వాలి, అప్పుడు మళ్లీ నడపాలి. యూట్యూబ్‌ను పిల్లల ముందు నేరుగా తెరవొద్దని అందరికీ చెప్తాను, మధ్యలో ఏ ప్రకటన వస్తుందో మన చేతిలో ఉండదు, ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ముందే మొత్తం చూసి, కావాల్సిన నిమిషాలు ఎంచుకుని వెళ్లాలి.

హాలులో జరిగింది సగం కూడా కాదు. స్కూళ్లకు వెళ్లడం మొదలుపెట్టాకే నాకు అసలు పని తెలిసింది. కొన్నిచోట్ల ప్యానెల్ పెట్టిన గదిలో కిటికీ ఎదురుగా ఎండ కొట్టి, మధ్యాహ్నం ఏమీ కనపడదు. పాత చీరతో కర్టెన్ కట్టించాం. కొన్నిచోట్ల కరెంటు సరిగ్గా సైన్స్ పీరియడ్లోనే పోతుంది, యూపీఎస్ బ్యాటరీ అయిపోయింది, టైంటేబుల్లో పీరియడ్ మార్చుకున్నాం. ఒక స్కూల్లో మొత్తం బడికి ప్యానెల్ ఉన్న గది ఒక్కటే తెరిచి ఉంచారు, ఎవరు ఎప్పుడు వాడాలో తెలియక ఎవరూ వాడట్లేదు. గది తలుపు మీద వారం చార్టు పెట్టి ఎవరి పేరు వాళ్లే రాసుకోమన్నాం.

ఇంకోటి గమనించాను. శిక్షణలో చురుగ్గా ఉన్నవాళ్లు కూడా క్లాసులో మొదటిసారి పిల్లల ముందు ఏదైనా తెరుచుకోకపోతే చెమటలు పట్టి వెంటనే ఆపేస్తారు, ఇక మళ్లీ ముట్టరు. ఆ మొదటి పాఠం రోజున పక్కన ఒక మనిషి ఉండాలి. నేను వెనక బెంచీలో కూర్చుంటాను, ఏదైనా ఇరుక్కుంటే వైరు సరిచేస్తాను, పాఠంలో మాట్లాడను. మొదటి పాఠం సాఫీగా పోతే రెండోదానికి నన్ను పిలవరు. అలా పిలవకపోవడమే నాకు కావాలి. హాలులో కూర్చోబెట్టే రోజులు తగ్గించి, ఆ సమయం, ఆ ఖర్చు ఇలా స్కూళ్లకు వెళ్లడానికి ఇవ్వమని నేను ప్రతి సమావేశంలో అడుగుతున్నాను. బ్యాచ్‌లు సబ్జెక్టు వారీగా వేయమని కూడా. శిక్షణకు టీచర్ వస్తే ఆ రోజు బడిలో క్లాసులు ఎవరు చూస్తారన్నది కూడా ముందే తేల్చాలి, లేకపోతే ఆమె మనసంతా అక్కడే ఉంటుంది.

పిల్లల చేతిలో ఫోన్లు లేని క్లాసులో అందరి జవాబూ తెలుసుకోవడానికి ప్లికర్స్ అనేది బాగా పనికొచ్చింది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో గుర్తున్న కాగితం కార్డు ఇస్తాం, ఏ, బీ, సీ, డీ లలో తన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటాడు, టీచర్ తన ఫోన్ కెమెరా క్లాసు మీద తిప్పితే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. నెట్ కావాలి, కానీ తక్కువ చాలు. నోరు తెరవని ఆడపిల్లలు కూడా కార్డు ఎత్తుతారు. భిన్నాల్లో క్లాసు సగం 1/4 కంటే 1/8 పెద్దదని ఎత్తారని చూసి ఒక లెక్కల సార్ ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పారు. పరీక్ష దాకా ఆగితే అది ఎప్పటికి తెలిసేది?

ఇంగ్లీషు, తెలుగు, హిందీ వాళ్లకు మేము ఇంకా ఇచ్చింది తక్కువే. సిమ్యులేషన్లు, పటాలు సైన్సుకు, సోషల్‌కు ఒదిగినట్టు భాషలకు ఒదగవు. ఇప్పటికి బాగా నడిచింది ఫోన్లో ఉండే మామూలు రికార్డర్. రాగయుక్తంగా చదివించడం అని చీటీ రాసిన మేడం, పద్యం చదివిన పిల్లవాడి గొంతు వాడికే వినిపిస్తారు, ఎక్కడ విరిచాడో వాడే చెప్తాడు, మళ్లీ చదువుతాడు. ఇంగ్లీషులోనూ అదే మొదలుపెట్టాం. ఆ రికార్డింగులు, పిల్లల ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దని, పని అయ్యాక తీసేయమని చెప్తున్నాం. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో భాషా టీచర్లకే ఒక పూట అడిగి తీసుకున్నాను, చీటీలు ఈసారి కాస్త ముందుగానే పంచాం, ఇప్పటికి వచ్చినవాటిలో ఎక్కువ మంది రాసింది చదవడం రాని తొమ్మిదో తరగతి పిల్లల గురించే, దాని మీద ఏం చేయాలో ఆ మేడం, నేను కలిసి వెతుకుతున్నాం.